జనవరి 26: ఉత్సవమునకు ముందున్న వ్రతము

ప్రతి పండుగకును ఒక కథ కలదు. దీపావళినాడు దీపములెందుకు పెట్టవలెనని మనుమడు అడిగినచో, అక్షరము ముక్క రాని అవ్వ సైతము నరకాసురుని కథ చెప్పి వానిని తృప్తిపరుపగలదు. సంక్రాంతినాడు సూర్యుడు మకరరాశిని ప్రవేశించునని పల్లెలో పశువుల కాపరియు నెరుగును. కాని ఏటేట దేశమంతయు సెలవు పాటించి జరుపుకొను జనవరి పండుగకు 26వ తేదీయే ఎందుకు కావలసి వచ్చెనని అడిగినచో, చదువుకొన్నవారు కూడ ఒక్క క్షణము తటపటాయింతురు. "ఆనాడు మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినది" అని బడిపిల్లవాడు చెప్పు సమాధానము తప్పు కాదు. అయితే అది సగము సమాధానము మాత్రమే.

రాజ్యాంగ పరిషత్తు దాదాపు మూడు సంవత్సరములు శ్రమించి, 395 అధికరణములును 8 షెడ్యూళ్లును గల రాజ్యాంగమును ఆమోదించినది 1949 నవంబరు 26వ తేదీన. వ్రాయుట ముగిసినది; చర్చ ముగిసినది; సభ ఒప్పుకొన్నది. అట్టిచో దానిని మరునాడే అమలు పరుపక రెండు నెలలు ఏల ఆపవలసి వచ్చెను? ఈ ప్రశ్నకు ఆధారము రాజ్యాంగములోనే కలదు. 394వ అధికరణము ప్రకారము పౌరసత్వమునకు, ఎన్నికల సంఘమునకు, రాష్ట్రపతి ప్రమాణమునకు సంబంధించినవియు, మరికొన్నియు కలిపి 16 అధికరణములు వెంటనే అమలులోనికి వచ్చినవి. తక్కినవన్నియు 1950 జనవరి 26వ తేదీ కొరకు వేచియుండవలెనని ఆ అధికరణమే శాసించినది. పెండ్లిమాటలు ముగిసినను ముహూర్తము కొరకు ఆగినట్లు, దేశము ఆ తేదీ కొరకు ఆగినది. ఆ ముహూర్తము 1949లో పెట్టినది కాదు. అంతకు ఇరువది యేండ్లకు ముందు, నేడు మన దేశమున లేని ఒక నగరమున, రావీనదీ తీరమున పెట్టినది.

రావీ తీరమున

1927 డిసెంబరులో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభ సంపూర్ణ స్వాతంత్ర్యమే దేశలక్ష్యమని ఒక తీర్మానము చేసినది. కాని ఆ మాట ఇంకను అందరి మనస్సులలో నాటుకొనలేదు. మరుసటి యేడు మోతీలాల్ నెహ్రూ అధ్యక్షతన తయారైన నివేదిక అధినివేశ ప్రతిపత్తితో, అనగా కెనడా, ఆస్ట్రేలియాల వలె ఆంగ్ల సింహాసనపు నీడలో స్వపరిపాలనతో, తృప్తి పడవచ్చునని చెప్పెను. యువకులకు ఇది రుచింపలేదు. 1928 డిసెంబరులో కలకత్తా మహాసభయందు సంపూర్ణ స్వాతంత్ర్యమే కావలెనని సుభాష్‌చంద్ర బోసు సవరణ ప్రతిపాదించిరి. జవహర్‌లాల్ నెహ్రూ దానిని బలపరచిరి. ఓట్లు లెక్కింపగా సవరణకు 973, వ్యతిరేకముగా 1350 వచ్చినవి. ఓడినను, ఆ 973 ఓట్లు పెద్దలను ఆలోచింపజేసినవి. గాంధీజీ మధ్యేమార్గముగా ఆంగ్ల ప్రభుత్వమునకు ఒక్క సంవత్సరము గడువిచ్చిరి. 1929 డిసెంబరు 31వ తేదీలోగా అధినివేశ ప్రతిపత్తి లభింపనిచో, పిదప కాంగ్రెసు దానిని అడుగదు; సంపూర్ణ స్వరాజ్యమునే కోరును.

గడువు కరగిపోవుచుండ, 1929 అక్టోబరు 31వ తేదీన వైస్రాయి ఇర్విన్ ప్రభువు ఒక ప్రకటన చేసెను. భారతదేశము చివరకు చేరవలసిన గమ్యము అధినివేశ ప్రతిపత్తియే అని అందులో కలదు. ఎప్పుడు చేరునో మాత్రము లేదు. డిసెంబరు 23వ తేదీన గాంధీజీ, మోతీలాల్ నెహ్రూ, విఠల్‌భాయి పటేలు, తేజ్ బహదూర్ సప్రూ, జిన్నా ఢిల్లీలో వైస్రాయిని కలిసికొనిరి. ఆనాటి ఉదయమే ఆయన ప్రయాణము చేయుచున్న రైలుక్రింద బాంబు ప్రేలెను. ఆయన గాయపడకుండ బయటపడెను. సంభాషణము మర్యాదగానే సాగినను, స్పష్టమైన హామీ ఏదియు వైస్రాయి నోట రాలేదు. రాయబారము విఫలమయ్యెను.

కాంగ్రెసు మహాసభ ఆ యేడు లాహోరున జరిగినది. అధ్యక్షపదవి తనకు వలదని గాంధీజీ జవహర్‌లాలు పేరు సూచించిరి. కలకత్తాలో తండ్రి కూర్చున్న పీఠముపై లాహోరున కుమారుడు కూర్చుండెను; ఆయనకప్పుడు నలుబది యేండ్లు. పంజాబు చలిలో, డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రి, ఇచ్చిన గడువు ముగిసిన ఘడియలోనే, సంపూర్ణ స్వరాజ్య తీర్మానము నెగ్గెను. రావీ తీరమున చరఖా గుర్తుగల త్రివర్ణ పతాకము ఎగిరెను.

ఆ పతాకము వెనుక ఒక తెలుగువాని కృషి కలదు. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి సమర్పించిరి. గాంధీజీ కోరికపై తెలుపు రంగు దానికి చేరినది. పిదప 1931లో భోగరాజు పట్టాభి సీతారామయ్య సంచాలకులుగా నున్న సంఘము విచారణ జరిపిన మీదట, కాషాయము, తెలుపు, ఆకుపచ్చ రంగులు స్థిరపడినవి. 1947 జూలై 22వ తేదీన చరఖా స్థానమున అశోకచక్రము వచ్చినది.

ఉపన్యాసములు లేని సభలు

లాహోరున తీర్మానము చేసినవారు ప్రతినిధులు. దానిని దేశప్రజలందరి తీర్మానముగా చేయుటెట్లు? 1930 జనవరి 2వ తేదీన కాంగ్రెసు కార్యవర్గము సమావేశమై, ఆ నెలలోని చివరి ఆదివారమును పూర్ణ స్వరాజ్య దినముగా నిర్ణయించినది. ఆ ఆదివారమే జనవరి 26. ఏ రాజు పట్టాభిషేకమునకును, ఏ యుద్ధ విజయమునకును ఆ తేదీతో సంబంధము లేదు. అది కేవలము ప్రజలు ఒకచోట చేరి ఒక మాట అనుకొనుటకు ఏర్పరచుకొన్న దినము.

ఆ దినమును ఎట్లు గడపవలెనో గాంధీజీ వివరముగా వ్రాసిరి. ఊరూర సభలు ఒకే సమయమున జరిగిన మంచిదనిరి. సభావేళను పల్లెలలో పూర్వాచారము ప్రకారము దండోరా వేయించి తెలుపవచ్చుననిరి. పతాకారోహణముతో కార్యక్రమము ఆరంభము కావలెను. మిగిలిన దినమంతయు నూలు వడకుటలోనో, అస్పృశ్యులని ఊరు దూరముగా నుంచినవారి సేవలోనో, హిందూ ముస్లిముల ఐకమత్యము కొరకో, మద్యపాన నిషేధము కొరకో వినియోగింపవలెను. సభలలో ఉపన్యాసములు ఉండరాదు. ప్రతిజ్ఞను జనులకు అర్థమగు భాషలో చదువవలెను. విన్నవారు చేతులెత్తి సమ్మతి తెలుపవలెను. అంతే.

ఇది ఉత్సవపు పద్ధతి కాదు, వ్రతపు పద్ధతి. మన యిండ్లలో ఏ వ్రతము చేసినను మొదట సంకల్పము చెప్పుకొందురు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ ఫలము కోరి చేయుచున్నారో ఆ సంకల్పమున స్పష్టముగా పలుకుదురు. 1930 జనవరి 26వ తేదీ ప్రతిజ్ఞ అన్ని మతముల వారును, అన్ని కులముల వారును కలిసి చెప్పుకొన్న సంకల్పము.

గాంధీజీ కూర్చిన ఆ ప్రతిజ్ఞలో ఆవేశముకన్న లెక్కలే ఎక్కువగా కనబడును. ఆంగ్లపాలన దేశమును ఆర్థికముగా, రాజకీయముగా, సాంస్కృతికముగా, ఆధ్యాత్మికముగా పాడుచేసినదని మొదట ఆరోపించి, దానికి సాక్ష్యముగా ప్రజల రాబడిని చూపినది. దేశమున సగటు మనిషి దినసరి రాబడి 7 పైసలు. అణాకు నాలుగు పైసలు చెల్లిన ఆ రోజులలో ఇది రెండణాలకు తక్కువ. ప్రజలు చెల్లించు పన్నులలో నూటికి 20 వంతులు రైతు కట్టు భూమిశిస్తు నుండియు, నూటికి 3 వంతులు ఉప్పుపన్ను నుండియు వచ్చుచున్నవి. రాట్నము మూలబడుటచేత రైతునకు యేటికి నాలుగు నెలలైనను పని లేకుండ పోయినది. సుంకములు, నాణెపు మారకము పరదేశపు సరుకునకే మేలు చేయునట్లు నడచుచున్నవి. ఇట్టి పాలనకు ఇంకను లోబడియుండుట మానవులపట్లను దైవముపట్లను అపరాధమని ఆ ప్రతిజ్ఞ నిర్ణయించినది. అయినను హింస మార్గము కాదనియు, ప్రభుత్వముతో స్వచ్ఛంద సహకారమును ఉపసంహరించుకొని శాసనోల్లంఘనమునకు సిద్ధపడవలెననియు ముగించినది.

దేశమెట్లు స్పందించినదో నెహ్రూ తమ స్వీయచరిత్రలో తలచుకొనిరి. ఉపన్యాసములు గాని, ఉద్బోధలు గాని లేకయే అసంఖ్యాక జనులు శాంతముగా, గంభీరముగా ప్రతిజ్ఞ చేసిన ఆ దృశ్యము దేశపు మనఃస్థితిని మెరుపువలె చూపినదని ఆయన భావము. ప్రజలు సిద్ధముగా నున్నారని నాయకులకు ఆనాడు తెలిసినది. అటుపిమ్మట ఏడు వారములు గడువకమునుపే, మార్చి 12వ తేదీన గాంధీజీ సబర్మతి నుండి దండికి బయలుదేరిరి. ఏప్రిల్ 6వ తేదీన సముద్రతీరమున ఉప్పు తీసిరి. ప్రతిజ్ఞలో నూటికి మూడు వంతులని కనిపించిన ఉప్పుపన్ను మూడు నెలలలో ఒక సామ్రాజ్యమును కలతపెట్టిన సమస్య అయ్యెను.

ఇచ్చిన తేదీ, కోరిన తేదీ

అది మొదలు జనవరి 26వ తేదీయే భారతీయుల స్వాతంత్ర్య దినము. మొదటి వార్షికోత్సవమైన 1931 జనవరి 26వ తేదీన గాంధీజీయు, కార్యవర్గ సభ్యులును చెరసాలల నుండి విడుదలైరి. అదే దినమున కలకత్తా నగర మేయరుగా నున్న సుభాష్‌చంద్ర బోసు ఊరేగింపునకు ముందు నడచి, పోలీసుల లాఠీదెబ్బలు తిని, చెరసాలకు పోయిరి. ఒకే తేదీన ఒక ద్వారము తెరచుకొనగా మరియొక ద్వారము మూసికొనినది. తరువాతి యేండ్లలో ఎన్నో పర్యాయములు ఆ దినమున పతాకమెత్తుట శిక్షార్హమైన నేరమయ్యెను. అయినను ప్రజలు ఆ దినమును మరువలేదు.

అట్లయినచో 1947లో స్వాతంత్ర్యము ఆగస్టు 15వ తేదీన ఏల వచ్చెను? 1948 జూన్ లోగా అధికారమును అప్పగింతుమని ఆంగ్ల ప్రధాని అట్లీ 1947 ఫిబ్రవరి 20వ తేదీన ప్రకటించెను. కడపటి వైస్రాయి మౌంట్‌బాటెన్ ఆ గడువును ముందునకు జరిపి ఆగస్టు 15ను నిర్ణయించెను. 1945లో జపాను లొంగిపోయినది ఆ తేదీననే. అప్పుడాయన ఆగ్నేయాసియాలో మిత్రసేనల అధిపతి. ఆ జ్ఞాపకముతోనే తేదీని ఎన్నుకొంటినని పిదప ఆయనయే చెప్పెను. ప్రజలు పదునేడేండ్లు ఉపాసించిన తేదీ ఒకటి, పాలకుడు తన విజయస్మృతితో ఇచ్చిన తేదీ వేరొకటి.

తేడా తేదీలో మాత్రమే కాదు. 1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశమునకు శాసనరీత్యా లభించినది అధినివేశ ప్రతిపత్తి. అనగా రావీ తీరమున 1929లో మనవారు వలదనుకొన్నదే. పాలన పూర్తిగా మనవారి చేతికి వచ్చినదనుట నిజము. అయినను దేశాధినేత ఆరవ జార్జి చక్రవర్తియే. ఢిల్లీలోని గవర్నరు జనరలు ఆయన ప్రతినిధియే. ఆ చివరి దారము తెగినది 1950 జనవరి 26వ తేదీన. లాహోరు తీర్మానములోని సంపూర్ణ స్వరాజ్యము, మాటకు మాటగా, నెరవేరినది ఆనాడే. కావున ఆ తేదీని ఎన్నుకొనుట గతస్మృతిపై మమకారము మాత్రమే కాదు. చేసిన ప్రతిజ్ఞను చెల్లించుట.

ఈ నడుమ వచ్చిన 1948 జనవరి 26 మాత్రము బాధాకరమైనది. దేశము చీలినది. ప్రతిజ్ఞ పుట్టిన లాహోరు సరిహద్దునకు ఆవల నిలిచినది. పశ్చిమ పంజాబు నుండి వచ్చిన నిరాశ్రయులు ఢిల్లీలో కిక్కిరిసియుండిరి. ఆ సాయంకాలము ప్రార్థనసభలో గాంధీజీ ఆ దినమును ప్రస్తావించిరి. స్వాతంత్ర్యమును కంట చూడక, చేత తాకక పోరాడిన కాలమున ఈ దినమును జరుపుకొనుట సముచితముగా నుండెననియు, ఇప్పుడు దానిని చేత తాకి ఆశాభంగము పొందినట్లున్నామనియు ఆయన మాటల సారాంశము. నాలుగు దినముల తరువాత ఆయన లేరు.

లాహోరు కథ ఇంతటితో ముగియలేదు. 1940 మార్చిలో ముస్లింలీగు తన ప్రత్యేక రాజ్య తీర్మానమును చేసినదియు ఆ నగరముననే. పాకిస్తాను తన రాజ్యాంగమును 1956 మార్చి 23వ తేదీన, ఆ తీర్మానపు స్మృతిదినముననే, అమలులోనికి తెచ్చినది. రెండు దేశముల గణతంత్ర దినములకును పురిటిగడ్డ ఒకే నగరము. సరిహద్దునకు ఇరువైపుల జెండాలెత్తు పిల్లలలో ఈ సంగతి ఎరిగినవారు అరుదు.

గణతంత్రపు తొలి ఉదయము

1950 జనవరి 24వ తేదీన సభ్యులు రాజ్యాంగ ప్రతులపై చేవ్రాళ్లు చేసిరి. బాబూ రాజేంద్రప్రసాద్ పోటీలేకుండ రాష్ట్రపతిగా ఎన్నికైరి. 26వ తేదీ ఉదయము 10 గంటల 18 నిమిషములకు కడపటి గవర్నరు జనరలు రాజగోపాలాచారి గణతంత్ర ప్రకటన చదివిరి. ఆరు నిమిషములకు రాజేంద్రప్రసాద్ ప్రమాణము స్వీకరించిరి. ఇండొనేషియా అధ్యక్షుడు సుకర్ణో ముఖ్య అతిథి. మధ్యాహ్నము సైనిక ప్రదర్శనము జరిగిన క్రీడారంగమునకు అప్పటికింకను ఇర్విన్ పేరే. 1929లో తేదీ చెప్పలేకపోయిన వైస్రాయి పేరుగల ఆవరణలోనే, ప్రజలు నిర్ణయించుకొన్న తేదీన గణతంత్రము తన పతాకమెత్తెను. రాజపథమున ఏటేట కవాతు జరుగు ఆచారము 1955లో స్థిరపడినది. ఆ యేటి ముఖ్య అతిథి పాకిస్తాను గవర్నరు జనరలు గులాం మహమ్మదు. ఆ రాజపథమే 2022 నుండి కర్తవ్యపథము.

తెలుగువారికి ఈ తేదీతో ప్రత్యేక సంబంధము కలదు. 1947 ఆగస్టు 15వ తేదీన కోస్తా, రాయలసీమల తెలుగువారు మదరాసు రాష్ట్రమున స్వాతంత్ర్యోత్సవము జరుపుకొనుచుండ, తెలంగాణపు తెలుగువారు నిజాం పాలనలోనే యుండిరి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగెను. 1949 నవంబరులో నిజాము భారత రాజ్యాంగమును అంగీకరించుచు ఫర్మానా వెలువరించెను. 1950 జనవరి 26వ తేదీన ఆయన రాజప్రముఖుడయ్యెను. ఫ్రెంచివారి చేతిలో 1954 వరకుండిన యానాము తప్ప, గోదావరికి ఇరుగడలనున్న తెలుగువారందరును ఒకే రాజ్యాంగము క్రిందికి వచ్చినది ఆ దినముననే. ఒకే రాష్ట్రము క్రిందికి వచ్చుట 1956లో, మరల వేరగుట 2014లో జరిగినను, ఆనాడు చేతికందిన పౌరహక్కులు రెండు రాష్ట్రములకును ఉమ్మడి ఆస్తి.

మిగిలియున్న లెక్క

రాజ్యాంగము ఆమోదము పొందుటకు ముందునాడు, 1949 నవంబరు 25వ తేదీన, డాక్టరు అంబేద్కరు చేసిన చివరి ఉపన్యాసములో జనవరి 26ను పేరుపెట్టి ప్రస్తావించిరి. ఆనాడు దేశము వైరుధ్యములతో కూడిన జీవితమున అడుగిడబోవుచున్నదని ఆయన హెచ్చరించిరి. రాజకీయములలో ప్రతి మనిషికి ఒకే ఓటు, ప్రతి ఓటునకు ఒకే విలువ. సంఘములోను ఆర్థిక జీవితములోను మాత్రము అసమానత. ఈ వైరుధ్యమును త్వరలో తొలగింపనిచో, అసమానత్వమున నలిగినవారు ఈ కట్టడమునే కూల్చివేయుదురని ఆయన సందేశసారము.

1930 ప్రతిజ్ఞ 7 పైసల రాబడితో మొదలైనది. 1949 హెచ్చరిక ఆ రాబడిలోని హెచ్చుతగ్గులతో ముగిసినది. ఈ రెంటి నడుమ నిలిచినది జనవరి 26. పరపాలన తొలగవలెనను కోరిక తీరినది. రైతునకు పని, పేదకు ఉప్పు, ఊరిబయటి వానికి ఊరిలో చోటు అను కోరికలు కూడ ఆ సంకల్పములోనివే. మొదటి పూర్ణ స్వరాజ్య దినమున గాంధీజీ చెప్పిన పనులన్నియు వానికి సంబంధించినవే. ఆ పనులు ముగిసినవని చెప్పుటకు వీలులేదు.

ఇప్పుడు జనవరి 26వ తేదీన ప్రతి బడిలోను జెండా ఎగురును, మిఠాయి పంచుదురు, పెద్దలు ఉపన్యసింతురు. పిల్లల ఆనందమునకు అడ్డు చెప్పవలసిన పని లేదు. కాని మొదటి జనవరి 26న ఉపన్యాసములు లేవనియు, చదివినది ఒక లెక్కయనియు, చేసినది ఒక ప్రతిజ్ఞయనియు ఎవరైన ఒక ఉపాధ్యాయుడు వారికి చెప్పినచో మంచిది. ఆ పాత ప్రతిజ్ఞలోని అంకెలను నల్లబల్లపై వ్రాసి, ప్రక్కన నేటి అంకెలను పిల్లలచేతనే వ్రాయించినచో ఇంకను మంచిది. దీపావళి కథను అవ్వనుండి మనుమడు నేర్చుకొన్నట్లు, ఈ పండుగ కథను మనుమడే బడినుండి తెచ్చి అవ్వకు చెప్పవచ్చును.